బైబిల్ కథ మీద ఒక్క రైడ్ కడితే ఏ కథ తీసుకోవాలి?

పాతపోస్టాఫీసు_తమ్ముడు:
అందరికీ వందనాలు. ఈ వేసవి వీబీఎస్‌లో (చర్చిలో సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ స్కూలు) పిల్లల చేత ఒక థీమ్ పార్కు బొమ్మ గీయించాలనుకుంటున్నాం, అందులో బైబిల్ కథ మీద ఒక పెద్ద రైడ్ ఉండాలి. నాకు ముందు తట్టింది నోవహు ఓడ. పొడుగు 300 మూరలు, అంటే దాదాపు 450 అడుగులు, మన విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కి ఒకటిన్నర రెట్లు. కానీ ఎక్కి జంతువుల్ని చూసి దిగిపోతే అది రైడ్ అవదు కదా, పైగా అమెరికాలో కెంటకీలో ఆ కొలతలతో ఓడ కట్టి 2016లోనే తెరిచేశారు. మీరైతే ఏ కథ తీసుకుంటారు?

మధురవాడ_అక్క:
యోనా తమ్ముడూ, ఇంకో మాట లేదు. కురుసుర లోపల ఆ గుండ్రటి తలుపుల్లోంచి తల వంచి, ముందు ఒక కాలు పెట్టి దూరుతున్నప్పుడు మా చిన్నోడు "అమ్మా, యోనా చేప కడుపు ఇలాగే ఉంటుందా" అని అడిగాడు, అప్పట్నుంచి ఆ కథ చదివితే నాకు ఆ ఇనుప చేపే కనిపిస్తుంది. టికెట్ మీద "తర్షీషు" అని ఉండాలి, దేవుడు నీనెవె ఊరికి వెళ్లమంటే యోనా తప్పించుకుని యొప్పే రేవులో డబ్బు కట్టి ఎక్కింది అక్కడికి వెళ్లే ఓడే కదా. తుఫాను, చీట్లు వేయడం, నీళ్లలో పడేయడం గబగబా అయిపోవాలి. చేప కడుపులోకి వెళ్లాక బండి ఆగిపోవాలి, పూర్తి చీకటి. సముద్రపు నాచు తలకు చుట్టుకుందని ప్రార్థనలో అంటాడు చూడు, అలా తడితడిగా ఏదో మెల్లగా నుదుటికి తగలాలి. తర్వాత ఒక్క తోపుతో ఒడ్డున పడతాం, లేచి నడిస్తే ఎదురుగా గేటు మీద "నీనెవె".

సింహాచలం_రోడ్:
నేను క్రైస్తవుణ్ణి కాదు, మిషన్ స్కూల్లో చదువుకున్నాను. ఎర్ర సముద్రం పెట్టండి, రెండు వైపులా నీటి గోడలు, మధ్యలో నడుచుకుంటూ వెళ్లడమే.

పెదజాలారిపేట:
బ్రదర్, నడిచే దారి బావుంటుంది, కానీ వెనక నీళ్లు మూసుకుని మునిగిపోయింది మనుషులు, ఆ ముక్క పిల్లలతో ఆటగా చేయించొద్దు. నా ఓటు గలిలయ సముద్రంలో యేసు ఆపిన తుఫానుకి. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టాను నేను. ఆయన శిష్యుల్లో పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను నలుగురూ జాలర్లే, అలాంటివాళ్లే చచ్చిపోతున్నాం అని అరిచారంటే ఆ గాలి ఎలాంటిదో ఊహించుకోవచ్చు. రైడ్‌లో చిన్న దోనె చాలు, ఊగాలి, మొహం మీద నీళ్లు కొట్టాలి, వెనక్కి తిరిగితే అమరంలో, అంటే దోనె వెనక భాగంలో, తలగడ మీద యేసు నిద్రపోతూ కనిపించాలి. 2014 హుద్‌హుద్ రోజు మధ్యాహ్నం గాలి ఠక్కున ఆగితే అయిపోయిందనుకుని బయటికొచ్చాం, అది తుఫాను కన్ను, కాసేపటికి అటువైపు నుంచి మళ్లీ కొట్టింది, మా పక్కింటి రేకులు లేచిపోయాయి. రైడ్‌లో ఆగిన గాలి మాత్రం మళ్లీ రాకూడదు. అందరూ దిగేదాకా నీళ్లు అద్దంలా ఉండాలి.

పాతపోస్టాఫీసు_తమ్ముడు:
రెండూ గీయిస్తాను. అక్కా, తర్షీషు టికెట్లు అట్టముక్కల మీద రాయించి వచ్చే ప్రతి పిల్లాడికీ గుమ్మం దగ్గరే ఇస్తాం. అన్నా, దోనె ఎలా ఉంటుందో ఒక్కసారి వచ్చి బోర్డు మీద గీసి చూపిస్తారా?