ర్యాటిల్‌స్నేక్ ఫొటో కింద ఏ పేరు రాయాలి: వాడుక పేరా, శాస్త్రీయ నామమా?

ఎడారి బాటసారి:
అరిజోనా కొండదారుల్లో నడిచే తెలుగువాళ్లం, దారిలో కనబడిన ర్యాటిల్‌స్నేక్‌ల (తోక చివరి గిలకను ఆడించి శబ్దం చేసే విషపాముల) ఫొటోలను ఒకచోట భద్రపరుస్తున్నాం. వాటి కింద వాడుక పేరు రాస్తే చాలునని నా అభిప్రాయం. శాస్త్రీయ నామాలు నిలకడగా ఉండవు. పసిఫిక్ తీరపు పామును చాలాకాలం క్రోటాలస్ విరిడిస్‌లో ఉపజాతిగా లెక్కించారు, ఇప్పుడు క్రోటాలస్ ఒరెగానస్ అనే వేరే జాతి అంటున్నారు. 'వెస్టర్న్ డైమండ్‌బ్యాక్' అంటే మాత్రం అందరికీ తెలుస్తుంది.

జీవశాస్త్రం టీచరమ్మ:
మార్పు నిజమేనండీ. అయితే శాస్త్రీయ నామం మారినప్పుడు ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాతపూర్వకంగా ఉంటుంది; వాడుక పేరు ఒక పాము మీద నుంచి మరో పాము మీదికి జారినప్పుడు ఆ ఆనవాలు ఎక్కడా మిగలదు. మీరు చెప్పిన డైమండ్‌బ్యాక్‌కే 1853లో బెయర్డ్, గిరార్డ్ అనే శాస్త్రవేత్తలు పెట్టిన క్రోటాలస్ అట్రాక్స్ అన్న పేరు ఇవాళ్టికీ చెల్లుతోంది.

మీ సేకరణలోనే 'మొహావీ గ్రీన్' అని రాసిన ఫొటో ఒకటుంది. దాన్ని పెద్దది చేసి తోక చూశాను. గిలకకు ముందున్న నల్లపట్టీలూ తెల్లపట్టీలూ ఇంచుమించు ఒకే వెడల్పున ఉన్నాయి, అంటే అది డైమండ్‌బ్యాకే. మొహావీ పాముకు, అంటే క్రోటాలస్ స్కుటులాటస్‌కు, తెల్లపట్టీలు నల్లవాటికన్నా బాగా వెడల్పు. వెలుతురు పడే తీరును బట్టి ఒళ్లు పచ్చగా కనబడితే చాలు, జనం ఆ పేరు పెట్టేస్తున్నారు. నాకు భయం కలిగించేది దీనికి తిరగబడ్డ పొరపాటు: అసలు మొహావీ పాము గోధుమరంగులోనూ ఉంటుంది, పేరులోని 'గ్రీన్'ను నమ్ముకున్నవాళ్లు దాన్ని మామూలు పామనుకుంటారు. ఆ జాతిలో చాలా పాముల విషం నరాల మీద తీవ్రంగా పనిచేస్తుంది.

తూర్పు రాష్ట్రాల్లో ఇంకో చిక్కు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ 1758లో క్రోటాలస్ హోరిడస్ అని పేరుపెట్టిన పామునే ఉత్తరాది కొండల్లో 'టింబర్' అనీ, దక్షిణాది పల్లపు నేలల్లో 'కేన్‌బ్రేక్' అనీ అంటారు. రెండు పేర్లు విన్నవాళ్లు రెండు పాములనుకోవడం సహజం.

అత్యవసర విభాగం నర్సు:
ఒక్క మాట. కాటు పడ్డాక ఈ చర్చతో పనిలేదు, పామును గుర్తుపట్టడానికి దాని వెంట పడకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇక్కడ వాడే విరుగుడు మందు ఉత్తర అమెరికా ర్యాటిల్‌స్నేక్‌లన్నింటి కాటుకూ ఇస్తారు.

ఎడారి బాటసారి:
టీచరమ్మగారూ, ఆ ఫొటో నేను తీసిందే, దిద్దుతాను. కానీ వాడుక పేరును పూర్తిగా తీసేయడానికి నా మనసొప్పదు. పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల పుస్తకం అచ్చువేసినప్పుడు మనవాళ్లు చెప్పిన 'కాటుకరేకుల పొడ' అన్న పేరును రాసుకోబట్టే కదా, ఆ మాట రెండు వందల ఏళ్లు దాటినా మిగిలింది!

జీవశాస్త్రం టీచరమ్మ:
తీసేయమనలేదండీ. ఆ పామునే, అంటే రక్తపింజరనే, శాస్త్రవేత్తలు నేడు డబోయా రస్సెలీ అంటున్నారు. రస్సెల్ ఆ పేరుతోపాటు పాము బొమ్మనూ వర్ణననూ ఇవ్వబట్టే, ఆ తెలుగు పేరు ఏ పాముదో మనకు తెలుస్తోంది. శాస్త్రీయ నామం, దాని కింద ఆ ఊరివాళ్లు పిలిచే పేరు, పక్కన దూరం నుంచి తీసిన తోక ఫొటో ఉంటే చాలు. తోక కనబడని ఫొటోలకు మాత్రం జాతిని చెప్పే రెండో మాట రాయకుండా, క్రోటాలస్ అన్న మొదటి మాట దగ్గరే ఆపండి.