హీమ్ ఎత్తుకుపోయే బ్యాక్టీరియా ప్రోటీన్ల ఆకృతి తెలిస్తే మందు వచ్చినట్టేనా?

తార్నాక కుర్రాడు
మా ల్యాబ్‌లో టీ దగ్గర మొదలైన గొడవ ఇది, తేలక ఇక్కడ పెడుతున్నా. మన ఒంట్లో ఉన్న మూడు నాలుగు గ్రాముల ఐరన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే, అంటే హీమ్ (మధ్యలో ఐరన్ ఉన్న చదునైన అణువు) రూపంలో ఉంటుంది. రోగం తెచ్చే బ్యాక్టీరియాకి విడిగా ఐరన్ దొరకదు కాబట్టి హీమ్‌కే ఎసరు పెడతాయి. సెరాషియా మార్సెసెన్స్ అయితే హ్యాస్-ఏ అనే చిన్న ప్రోటీన్‌ని బయటికి వదులుతుంది. అది హీమ్‌ని పట్టుకొచ్చి బ్యాక్టీరియా పొర మీదున్న హ్యాస్-ఆర్ అనే రిసెప్టర్ ప్రోటీన్‌కి అప్పజెబుతుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్‌కి ఐఎస్‌డీ అనే ప్రోటీన్ల వరుసే ఉంది. హ్యాస్-ఏ క్రిస్టల్ స్ట్రక్చర్ (అణువుల స్థాయిలో దాని ఆకృతి) 1999లోనే వచ్చింది, ఆ తర్వాత మిగతావీ వరసగా వచ్చాయి. నా వాదన ఇది: హీమ్ ఎక్కడ కూర్చుంటుందో అణువు అణువూ తెలిశాక, ఆ గుంటలో ఇరుక్కునే మందు చేయడం టైమూ డబ్బూ ఉంటే అయ్యే పని. మా సీనియర్ ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు?

ఉప్పల్ కెమిస్ట్
మీ సీనియర్ పక్షమే నాది. తమ్ముడూ, అసలు హ్యాస్-ఏలో చెప్పుకోదగ్గ గుంట ఉందా? రెండు లూపులు చెరో వైపు నుంచి వచ్చి ఐరన్‌ని పట్టుకుంటాయి, ఒకటి 32వ స్థానంలోని హిస్టిడిన్‌ అనే అమైనో ఆమ్లంతో, రెండోది 75వ స్థానంలోని టైరోసిన్‌తో. హీమ్‌లో చాలా భాగం నీళ్ళవైపు తెరిచే ఉంటుంది. సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా హ్యాస్-ఏని హీమ్ లేకుండా చూస్తే ఆ హిస్టిడిన్ లూపు ఎక్కడో దూరంగా తెరుచుకుని ఉంది. అంటే నువ్వు గురిపెట్టిన ఆకారం హీమ్ వచ్చి కూర్చున్నాకే ఏర్పడుతుంది.

పట్టు సంగతి సరేసరి. హీమ్‌తో హ్యాస్-ఏ విఘటన స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి) 10⁻¹¹ మోలార్ ప్రాంతంలో ఉంటుంది. హీమ్‌ని గెంటేసి నీ మాలిక్యూల్ కూర్చోవాలంటే అదీ హీమ్‌లాగే పెద్దగా, చదునుగా, జిడ్డుగా ఉండాలి. అలాంటిది నీళ్ళలో కరగదు, రక్తంలోకి వెళ్ళగానే అక్కడి ఆల్బుమిన్ ప్రోటీన్‌కి అంటుకుపోతుంది. ప్రాజెక్టు మీటింగులో ఇలాంటిది చూపిస్తే రెండో స్లైడ్‌కే లేచిపోతారు.

తార్నాక కుర్రాడు
అన్నా, మరి గాలియం సంగతో? హీమ్‌లో ఐరన్ తీసేసి గాలియం పెడితే బ్యాక్టీరియా దాన్ని హీమ్ అనుకుని లోపలికి లాక్కుంటుంది. ఐరన్ ఎలక్ట్రాన్ తీసుకుని ఫెర్రిక్ (3+) నుంచి ఫెర్రస్ (2+) రూపంలోకి మారగలదు, గాలియం అలా మారడం కుదరదు కాబట్టి ఎంజైములు మొరాయిస్తాయి. 2014లో జపాన్ వాళ్ళు హ్యాస్-ఏలో హీమ్ బదులు ఐరన్ థాలోసయనిన్ అనే, హీమ్‌లాంటి చదునైన కృత్రిమ అణువుని పెట్టి సూడోమోనాస్ పెరుగుదలని అడ్డుకున్నారు కూడా. పెద్దగా, చదునుగా ఉన్నదే పనిచేసింది కదా!

అగర్ ప్లేటు
నాది హాస్పిటల్ మైక్రోబయాలజీ, స్ట్రక్చర్ల జోలికి పోను. కానీ ఈ దారిలో మనుషుల మీద పరీక్ష దాకా వచ్చి బోల్తాపడ్డది ఒకటుంది, దాన్ని ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. స్టాఫ్ (స్టాఫిలోకాకస్) ఒంటి మీద హిమోగ్లోబిన్‌ని పట్టుకునే ఐఎస్‌డీ-బీతో మెర్క్ వాళ్ళు వీ710 అనే టీకా చేశారు. గుండె ఆపరేషన్లకి ముందు ఇచ్చి, దాదాపు 8,000 మందితో పరీక్షించారు. యాంటీబాడీలు బ్రహ్మాండంగా వచ్చాయి, రక్షణ మాత్రం రాలేదు. 2011లో మధ్యలోనే ఆపేశారు. 2013లో వివరాలు బయటికొస్తే తెలిసిందేమిటంటే, స్టాఫ్ ఇన్ఫెక్షన్ సోకినవాళ్ళలో టీకా వేయించుకున్నవాళ్ళే ఎక్కువమంది చనిపోయారు. కాగితం మీద ఇంతకన్నా మంచి టార్గెట్ ఇంకొకటి చూపించండి.

సూడోమోనాస్‌కైతే హీమ్ కోసమే ఒకటికి మించి దారులు, వాటికి తోడు పయోవెర్డిన్, పయోకెలిన్ అనే సిడెరోఫోర్లు (ఐరన్ పట్టుకురావడానికి బ్యాక్టీరియా బయటికి వదిలే చిన్న అణువులు). ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు.

హెలిక్స్ అక్క
ఇద్దరూ గుంట గురించే కొట్టుకుంటున్నారు. నాకు ఆసక్తి అక్కడ కాదు. హ్యాస్-ఏ హీమ్‌ని అంత గట్టిగా పట్టుకుంది, హ్యాస్-ఆర్ పట్టు దానికంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. అయినా హీమ్ గట్టి చేతిలోంచి బలహీనమైన చేతికి వెళ్తుంది. ఎలా?

2009లో ఆ రెండూ కలిసున్న స్ట్రక్చర్ వచ్చాక తెలిసింది. రెండు ప్రోటీన్లు కలిసినప్పుడు అతుక్కునే విస్తీర్ణం చాలా పెద్దది, పట్టు సరిపోనిచోట ఆ కలయిక నుంచే శక్తి వస్తుంది. హ్యాస్-ఏలోని హిస్టిడిన్ లూపు వదిలేస్తుంది. హ్యాస్-ఆర్‌లో 671వ స్థానంలో ఉన్న ఐసోల్యూసిన్ సరిగ్గా హీమ్ ఉన్న చోటికి చొచ్చుకొస్తుంది. షేర్ ఆటోలో ఇంకో మనిషి ఎక్కితే మొదట కూర్చున్నవాడు జరగక తప్పనట్టు, హీమ్ అవతలికి జరిగి హ్యాస్-ఆర్‌లోని రెండు హిస్టిడిన్ల మధ్య కూర్చుంటుంది. ఆ ఐసోల్యూసిన్‌ని గ్లైసిన్‌గా మారిస్తే రెండు ప్రోటీన్లూ కలుస్తాయి కానీ హీమ్ కదలదు! ఒక్క అమైనో ఆమ్లం.

స్టాఫ్‌లోనూ వేరే పద్ధతిలో ఇదే కథ. ఐఎస్‌డీ-హెచ్, ఐఎస్‌డీ-బీలలో ఒక నీట్ డొమైన్ (ఈ ప్రోటీన్లలో విడిగా మడతపడే ఒక భాగం) హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ గొలుసుని పట్టుకుంటే, రెండోది హీమ్ పక్కనున్న హెలిక్స్‌ని (మెలికలు తిరిగిన భాగాన్ని) వంచి హీమ్‌ని లాగుతుంది. అక్కడి నుంచి ఐఎస్‌డీ-ఏ, ఐఎస్‌డీ-సీ, చివరికి పొర మీది ఐఎస్‌డీ-ఈ. ఏ నుంచి సీకి మారే వేగం, హీమ్ తనంతట తాను ఊడిపోయే వేగానికి వేల రెట్లు. కాబట్టి నేనైతే ఖాళీ గుంటని వదిలేసి అప్పగింత జరిగే చోటుని అడ్డుకుంటా. మందు అక్కడే ఉంది.

బయాలజీ మాస్టారు
అమ్మా, బాగా చెప్పావు. ఇంటర్ పిల్లలకి హిమోగ్లోబిన్‌లో హిస్టిడిన్ అని చెప్పి వదిలేస్తాం. ఇక్కడ హ్యాస్-ఏలో టైరోసిన్ ఎందుకొస్తోంది?

హెలిక్స్ అక్క
మంచి ప్రశ్న మాస్టారూ. నీట్ డొమైన్ యాంటీబాడీల్లో కనిపించే బీటా మడత లాంటిది. షిగెల్లా బ్యాక్టీరియాలో హీమ్‌ని పట్టుకునే షూ-టీ అనే ప్రోటీన్‌కి రెండు తమ్మెలు (లోబులు), మధ్యలో ఒక పొడుగు హెలిక్స్. హ్యాస్-ఏ ఇంకో తీరు. ఈ మడతలకి ఒకదానితో ఒకటి చుట్టరికం కనబడదు, అయినా మూడింట్లోనూ టైరోసినే. అది ఫెర్రిక్ ఐరన్‌ని బాగా పట్టుకుంటుంది, బయట తిరిగే హీమ్‌లో ఐరన్ ఎక్కువగా ఆ రూపంలోనే ఉంటుంది. ఆక్సిజన్ మోయాల్సిన గ్లోబిన్‌కి ఫెర్రస్ ఐరన్ కావాలి, దానికి హిస్టిడిన్ నప్పుతుంది.

ఉప్పల్ కెమిస్ట్
స్ట్రక్చర్ కథ వినసొంపుగా ఉంది. కానీ రెండు ప్రోటీన్లు కలిసే చోటు పెద్దది, చదునైనది, చిన్న మాలిక్యూల్‌కి పట్టు దొరకదు. గుంట కష్టమని నేనంటే అంతకంటే కష్టమైనది చూపిస్తున్నారు. ఆ చోటుని అడ్డే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) అంటారా, ఐరన్ లేని మీడియంలో (బ్యాక్టీరియాని పెంచే ద్రవంలో) హిమోగ్లోబిన్ ఒక్కటే పోసి పరీక్షిస్తే ఏదైనా పనిచేసినట్టే కనిపిస్తుంది.

తార్నాక కుర్రాడు
అడ్డుకోవడం మానేసి ఎక్కి వెళ్దాం అన్నా! సెఫిడెరోకాల్ చూడండి. సిడెరోఫోర్ వేషం వేసుకుని ఐరన్ దారిలోనే లోపలికి పోయే యాంటీబయాటిక్. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే పని హీమ్ దారిలో చేస్తే? హ్యాస్-ఏకి మందు తగిలించి పంపితే?

అగర్ ప్లేటు
దానికీ రిసెప్టర్ ప్రోటీన్లు మ్యుటేట్ అయి రెసిస్టెన్స్ వస్తోంది. మందు లోపలికి వెళ్ళే దారి ఒకటే అయితే బ్యాక్టీరియా ఆ దారి మూసుకుంటుంది, ఐరన్ తెచ్చుకోడానికి దానికి వేరే దారులున్నాయి కాబట్టి నష్టం తక్కువ. రక్తంలోకి పరాయి బ్యాక్టీరియా ప్రోటీన్ ఎక్కిస్తే మన రోగనిరోధక వ్యవస్థ ఊరుకుంటుందా అన్నది ఇంకో తలనొప్పి.

హెలిక్స్ అక్క
అవన్నీ ఒప్పుకున్నా నా మాట మారదు. వీ710 యాంటీబాడీలు పుట్టించింది, నిజమే. కానీ అవి అప్పగింతని అడ్డుకునే చోటే అతుక్కున్నాయా, ఇంకెక్కడో అతుక్కున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఐఎస్‌డీ-బీ మొత్తాన్ని టార్గెట్ చేయడం, అందులో గ్లోబిన్‌ని వంచే భాగాన్ని టార్గెట్ చేయడం ఒకటి కాదు. తమ్ముడూ, ఆల్ఫాఫోల్డ్ 3 (ప్రోటీన్ల ఆకృతిని అంచనా వేసే ఏఐ ప్రోగ్రాం) తో చూసుకున్నానని మాత్రం రాకు. అది హీమ్ చివరికి ఎక్కడ కూర్చుంటుందో చూపిస్తుంది, మధ్యలో జరిగే నెట్టుడు చూపించదు.

తార్నాక కుర్రాడు
సరే అక్కా, ఐఎస్‌డీ-బీలో ఆ భాగాన్ని అడ్డే పెప్టైడ్ చేయిస్తా. మీడియం ఏది పెట్టాలో చెప్పండి, హిమోగ్లోబిన్ ఒక్కటే పోస్తే అన్న ఒప్పుకోడు.

అగర్ ప్లేటు
మనిషి సీరం కలుపు, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తెచ్చుకో. సీరంలో ఐరన్ మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్ ఉంటుంది, స్టాఫ్ తన సిడెరోఫోర్లతో దాన్నుంచి కూడా ఐరన్ లాగుతుంది. కాబట్టి మామూలు స్ట్రెయిన్ పక్కన సిడెరోఫోర్లు తయారుచేయలేని మ్యుటెంట్ కూడా పెట్టు. మ్యుటెంట్ ఆగి, మామూలుది పెరిగితే నేను గెలిచినట్టు. రెండూ ఆగితే అక్క.

ఉప్పల్ కెమిస్ట్
రెండూ పెరిగితే నేను. ప్లేట్ల ఫోటోలు ఇక్కడే పెట్టు.