ఉమ్మెత్త మన దేశానికి ఎప్పుడు వచ్చింది?

వృక్షమిత్ర:
వినాయక చవితి పత్రిలో దత్తూర పత్రంగా చేరిన ఉమ్మెత్త, కొలంబస్ అమెరికా చేరిన 1492 తర్వాత పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మొక్కేనని నా అభిప్రాయం. ఉమ్మెత్త చేరిన దత్తూర ప్రజాతిలోని (దగ్గరి జాతుల గుంపులోని) అడవి జాతులు ప్రధానంగా మెక్సికోలోను, దానికి ఆనుకొని ఉన్న అమెరికా నైరుతి రాష్ట్రాల్లోను పెరుగుతాయి. మన ఉమ్మెత్త మాత్రం దిబ్బల మీద, పాడుబడిన ఇళ్ల దగ్గర, బాటల పక్కన మనిషిని అంటిపెట్టుకొని బతుకుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన దత్తూర ఇనాక్సియా కూడా అమెరికాదే. ఈ ప్రజాతి మొత్తం కొత్త ప్రపంచానిదే, అంటే అమెరికా ఖండాలదేనని 1991లో సైమన్, హేగీ అనే వృక్షశాస్త్రజ్ఞులు వాదించారు.

తాళపత్రం:
వృక్షమిత్ర గారూ, పుట్టిల్లు అమెరికా అన్నంతవరకు నాకు పేచీ లేదు, వచ్చిన కాలం దగ్గరే లెక్క కుదరడం లేదు. ప్రాచీన వైద్యగ్రంథం సుశ్రుత సంహితలో విషచికిత్సలు చెప్పే కల్పస్థానంలో పిచ్చికుక్క కాటుకు చెప్పిన చికిత్సలో పునర్నవతో పాటు దత్తూరం ఉంది. ఆ గ్రంథం కొలంబస్ కంటే ఎన్నో శతాబ్దాల ముందుది.

వృక్షమిత్ర:
పేరు కనిపించినంత మాత్రాన మొక్క అదేనని తేలదు. ఖురాసాని వాము వంటి మరో విషపు మొక్కకు ఉన్న పేరు, తర్వాత వచ్చిన ఉమ్మెత్తకు అంటుకొని ఉండవచ్చు.

రసశాల:
ఈ ఒక్క విషయంలో రసాయన శాస్త్రం ఎవరి పక్షమూ వహించదు. ఉమ్మెత్త వేళ్లలో ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మొదలై, ఎన్నో మెట్లు దాటి హయోసయమిన్ అనే విషపు ఆల్కలాయిడ్ తయారవుతుంది. దాన్ని మరొక ఎంజైము స్కోపొలమిన్‌గా మారుస్తుంది. ఆ రెండూ ఆకులకు, పువ్వులకు, గింజలకు చేరతాయి. ఇవి నరాల సందేశాలను మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకోవడం వల్లనే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు విప్పారుతాయి, మనిషి సంధి ప్రేలాపనలోకి జారిపోతాడు. అయితే ఖురాసాని వాములోనూ, యూరప్‌లోని బెల్లడోనాలోనూ ఉన్నవి ఈ కుటుంబపు ఆల్కలాయిడ్లే కాబట్టి, పాత గ్రంథాల్లో ఉన్మాద లక్షణాలు కనిపించాయని మొక్కను గుర్తుపట్టలేం. ఆకారం చూడాలి.

తాళపత్రం:
ఆకారమే చూద్దాం. ఆయుర్వేద నిఘంటువులు దత్తూరానికి కాహళపుష్పం, కంటఫలం అనే పర్యాయపదాలు ఇచ్చాయి. బాకా వంటి పొడవాటి పువ్వు, ముళ్ల కాయ ఉన్నది ఉమ్మెత్తకే. ఖురాసాని వాముకు ఆ రెండూ లేవు. ఆ నిఘంటువుల్లో కొన్నింటి కాలం మీద వివాదం ఉన్న మాట నిజమే గాని, 2007లో జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్‌లో గీత, ఘరైబే చేసిన వాదన వాటి మీద మాత్రమే నిలబడలేదు: గ్రంథాలను, శిల్పాలను కలిపి పరిశీలించి, ఈ మొక్క అమెరికాలోనే పుట్టినా క్రీస్తు శకం తొలి సహస్రాబ్దిలోనే ఇక్కడికి చేరిందని వారు ప్రతిపాదించారు. అంతటి సముద్రాన్ని ఎలా దాటిందన్న ప్రశ్నకు ఇప్పటికీ ఎవరి దగ్గరా తిరుగులేని జవాబు లేదు. అయినా దారి తెలియలేదన్న కారణంతో సుశ్రుతుడి దత్తూరాన్ని పోర్చుగీసు ఓడ ఎక్కించలేం.