ఇంట్లో చేసిన ఆవిరి ఇంజన్‌కు బాయిలర్ కూడా ఇంట్లోనే చేయాలా, గాలితో సరిపెట్టుకోవాలా?

గోపాలపట్నం లేత్ (చర్చ ప్రారంభం):

రెండేళ్లుగా నా ఆదివారాలన్నీ మింగేసిన పని పోయిన వారం పూర్తయింది. సిలిండరే అటూ ఇటూ ఊగే రకం చిన్న ఆవిరి ఇంజన్. సిలిండర్ లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 25. కావలసిన గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) ముక్క పాత సామాన్ల కొట్టులో కిలోల లెక్కన దొరికింది. ఓడ విప్పినప్పుడు వచ్చిన బుష్ అని కొట్టు ఆయన చెప్పాడు. నిజమో కాదో గానీ లేత్ మీద వెన్నలా తెగింది.

ఈ రకానికి వేరే వాల్వు ఉండదు. సిలిండర్ ఒక వైపు ఊగినప్పుడు ఆవిరి వచ్చే రంధ్రం, రెండో వైపు ఊగినప్పుడు బయటికి పోయే రంధ్రం తెరుచుకుంటాయి. అందుకే ఆనుకునే రెండు ముఖాలూ తేడా లేకుండా అతకాలి. కిటికీ అద్దం ముక్క మీద మెటల్ పాలిష్ వేసి మూడు సాయంత్రాలు రుద్దాను. సైకిల్ పంపు తగిలించి కొడితే ఫ్లైవీల్ ఒకసారి వెనక్కి జంకి, ఆ తర్వాత గిర్రున అందుకుంది. చదరపు అంగుళానికి 8 పౌండ్ల గాలి చాలు దానికి.

ఇప్పుడు అసలు సంగతి. బాయిలర్ కూడా నేనే చేద్దామనుకుంటున్నాను. 75 మిల్లీమీటర్ల వ్యాసం, 16 గేజి మందం (సుమారు 1.6 మిల్లీమీటర్లు) ఉన్న రాగి గొట్టం, 150 మిల్లీమీటర్ల పొడవు. రెండు చివర్లా రాగి మూతలు, వాటి మధ్య పట్టి ఉంచే కడ్డీ ఒకటి. పని చేసే ఒత్తిడి 40 పౌండ్లు. నీళ్లు 400 మిల్లీలీటర్లు. చోటు మా నాన్నగారి ఇంటి స్కూటర్ షెడ్డు. 25 లీటర్ల లోపు వాటి జోలికి బాయిలర్ల చట్టం రాదు, 1923 నాటిదైనా దాని స్థానంలో 2025లో వచ్చినదైనా. మా ఆవిడ మాత్రం “గాలితో తిరుగుతోంది కదా, మళ్లీ నిప్పు ఎందుకు?” అంటోంది. నా దగ్గర సరైన జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

కంచరపాలెం కుర్రాడు:

రాగి గొట్టం ఖర్చు ఎందుకన్నా? అటక మీద పాత ప్రెజర్ కుక్కర్ ఉంటుంది. విజిల్ తీసేసి ఆ ముక్కుకు గొట్టం బిగించండి. 15 పౌండ్లు వస్తుంది, మీ ఇంజన్‌కు 8 చాలు. పది నిమిషాల పని.

సీతమ్మధార ఫిజిక్స్ టీచర్:

బాబూ, కుక్కర్ మీద నువ్వు తీసేయమంటున్న ఆ విజిల్ బరువే దాని సేఫ్టీ వాల్వు. అది తీసి గొట్టం పెట్టి, ఆ గొట్టం చివర ఇంజన్ పెట్టావనుకో, ఇంజన్ బిగుసుకున్న క్షణాన ఆవిరికి దారి ఉండదు. ఇక మిగిలేది మూతలో కరిగే చిన్న బిళ్ల ఒక్కటే. అది కూడా మీ అటక మీది కుక్కర్‌లో ఎన్నేళ్ల నాటిదో!

లేత్ గారికి నా మాట: గాలితోనే నడపండి. ఎందుకో లెక్క చెబుతాను. 40 పౌండ్ల దగ్గర నీరు సుమారు 142 డిగ్రీల వేడి మీద ఉంటుంది. బాయిలర్ పగిలితే ఆ నీటికి 142 దగ్గర ద్రవంగా ఉండే హక్కు పోతుంది. మీ 400 మిల్లీలీటర్లలో 30కి పైగా ఒక్కసారిగా ఆవిరై 50 లీటర్ల చోటు అడుగుతుంది. మిగతాది సలసల కాగే నీళ్లుగా మీ మొహం మీదికి వస్తుంది. మీకు సరదా ఉంది, ఒప్పుకుంటాను. పక్కింటి పిల్లవాడు గోడ మీద నుంచి తొంగిచూస్తాడు కదా, వాడినేమైనా అడిగారా? చట్టం మీ దాకా రాదంటే బాధ్యత తగ్గినట్టు కాదు, మొత్తం మీ ఒక్కరి నెత్తిన పడినట్టు.

షెడ్డు మనవడు:

టీచర్ గారి లెక్క సరైనదే. కానీ గాలితో తిరిగేదాన్ని ఆవిరి ఇంజన్ అని నేను అనలేను. మా తాతయ్య వాల్తేరులో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పని చేశారు. ఆయన దగ్గర విన్నవన్నీ ఆవిరి సంగతులే. చల్లటి సిలిండర్లోకి ఆవిరి పోతే మొదట నీళ్లవుతుంది. నీళ్లు నలగవు. డ్రెయిన్ కాక్‌లు, అంటే సిలిండర్ అడుగున ఉండే చిన్న కొళాయిలు, తెరిచి నీళ్లు పోనిచ్చి, సిలిండర్ వేడెక్కాకే బండి కదిలించాలి. తొందరపడితే సిలిండర్ మూత పగులుతుంది. గాలితో నడిపితే ఈ పాఠం ఎప్పుడు నేర్చుకుంటారు?

ఇంకో మాట. గాలి తప్పులను దాచేస్తుంది. గాలి మీద హాయిగా తిరిగిన పిస్టన్, ఆవిరి వేడికి వ్యాకోచించి పట్టేస్తుంది, ముఖ్యంగా అల్యూమినియం పిస్టన్ వేసినవాళ్లకు. నూనె కూడా వేరే కావాలి. కుట్టుమిషన్ నూనె ఆవిరి దెబ్బకు కడుక్కుపోతుంది.

మర్రిపాలెం ఏసీ మెకానిక్:

నాకు ఇంజన్లు తెలియవు, రాగి అతుకులు తెలుసు. ఇరవై ఏళ్లుగా అదే పని.

సీసం, తగరం కలిసిన మామూలు టంకం వాడకండి. అది 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. మీ ఆవిరి 142 అంటున్నారు, నీళ్లున్నంత సేపే ఆ 142. నీళ్లు అయిపోయిన మరుక్షణం రాగి ఎక్కడికైనా వెళ్తుంది, టంకం జారిపోతుంది. వెండి శాతం 40కి పైన ఉన్న అతుకు కడ్డీ తీసుకోండి, 600 దాటితే గానీ కరగదు. మేము పైపులకు వాడే ఫాస్ఫరస్ కడ్డీ చవకే, ఫ్లక్స్ (అతుకు పట్టడానికి పూసే మందు) కూడా అక్కర్లేదు. కానీ బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, అది ఆ అతుకును తినేస్తుంది. రేపు ఎప్పుడో సరదాకు బొగ్గు వేస్తారు, ఇప్పుడే దాన్ని పక్కన పెట్టండి. కాడ్మియం కలిసిన వెండి కడ్డీ ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు విషం.

వేడి గురించి. చాలామంది కడ్డీని మంటతో కరిగించి పోస్తారు. అది అతుకు కాదు, మైనం పూత. మొత్తం ముక్క ఎర్రబడాలి, రాగి వేడికి కడ్డీ కరగాలి, కరిగింది సందులోకి తనంతట తాను పీల్చుకుపోవాలి. సందు మిల్లీమీటరులో పదో వంతు. రెండో వైపు సన్నటి వెండి గీత కనిపిస్తే అతికింది. కనిపించకపోతే అతకలేదు, బయట ఎంత అందంగా ఉన్నా సరే.

వాల్వులు, గొట్టాలు బిగించడానికి బాయిలర్‌కు అతికే బుష్‌లు ఇత్తడివి వద్దు. వేడి నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే ఇత్తడిలోని జింకు పోయి గులాబీ రంగు పొడిలా మిగులుతుంది. మీ ఓడ గన్‌మెటల్ మిగిలి ఉంటే అదే వాడండి.

రిటైర్డ్ ఫోర్‌మన్, గాజువాక:

ప్రెజర్ వెసల్స్ చేసే కర్మాగారంలో జీవితమంతా గడిపాను. కాబట్టి నాకు ఆవిరంటే భయం లేదు, గౌరవం ఉంది.

టీచరమ్మ గారి లెక్కకు నా లెక్క కలపండి. 40 పౌండ్లంటే చదరపు సెంటీమీటరుకు 2.8 కిలోలు. ఈ గొట్టం గోడలో పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 63 కిలోలు. కాల్చి మెత్తబడిన రాగి కూడా తెగాలంటే రెండు వేలు దాటాలి. గొట్టం గురించి నిద్ర పాడుచేసుకోకండి. మూతల గురించి పాడుచేసుకోండి. ఒక్కో మూత మీద 110 కిలోలకు పైగా తోపుడు ఉంటుంది. నాలాంటి భారీ మనిషి ఒకడు ఆ చిన్న బిళ్ల మీద నిలబడినట్టు. అది బల్లపరుపు బిళ్ల, గొట్టంలా గుండ్రం కాదు, ఉబ్బడానికి చూస్తుంది. ఆ మధ్య కడ్డీ ఉన్నది అందుకే. దాన్ని అలంకారం అనుకుని సన్నది వేయకండి. మూత అంచు కూడా వంచి గొట్టంలోకి దూర్చండి. అంచుకు అంచు ఆనించి అతికితే నేను మీ షెడ్డుకు రాను.

ఇక పరీక్ష. బాయిలర్ నిండా చల్లటి నీళ్లు నింపాలి, పై బుష్ తెరిచి ఒక్క బుడగ కూడా లేకుండా. తర్వాత చేతి పంపుతో ఒత్తిడి పెంచాలి. ప్లంబర్లు పైపులైన్లు పరీక్షించే పంపు అద్దెకు దొరుకుతుంది. పని ఒత్తిడికి రెట్టింపు, అంటే 80 పౌండ్లు. అక్కడ 20 నిమిషాలు ఆపాలి. నీళ్లు నలగవు కాబట్టి అతుకు ఊడినా చిరుక్కున చిమ్మి ఒత్తిడి చూపే ముల్లు పడిపోతుంది, అంతే. మీరు చూస్తున్నది అతుకును, ప్రాణం పణంగా పెట్టకుండా. ఆ తర్వాత ఏటా ఒకసారి ఒకటిన్నర రెట్లకు ఇదే పరీక్ష.

సీతమ్మధార ఫిజిక్స్ టీచర్:

ఫోర్‌మన్ గారూ, నేను పరీక్షను కాదనడం లేదు. పరీక్ష చేసినవాడు ఆ తర్వాత ఏం చేస్తాడన్నదే నా భయం. 1803లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో, ఇంగ్లండ్ ఇంజనీరు ట్రెవిథిక్ చేసిన బాయిలర్ పేలి మనుషులు చనిపోయారు. బాయిలర్ లోపంతో కాదు, పని చేసేవాడు సేఫ్టీ వాల్వును కట్టేసి పక్కకు పోయాడు. అధిక ఒత్తిడి ఆవిరి వద్దని అప్పటికే వాదిస్తున్న జేమ్స్ వాట్ పక్షం వాళ్లకు అది చాలింది. మనిషి మారలేదు కదా. లేత్ గారి ఇంజన్ కాస్త మందంగా తిరిగిందనుకోండి, వాల్వు స్ప్రింగును ఒక చుట్టు బిగించాలని చెయ్యి లాగదా?

రిటైర్డ్ ఫోర్‌మన్, గాజువాక:

లాగుతుంది. నాకే లాగుతుంది. అందుకే ట్రెవిథిక్ ఆ తర్వాత రెండు సేఫ్టీ వాల్వులు పెట్టాడు, ఒకటి పని చేసేవాడి చేతికి అందకుండా. పైగా నీళ్లు తగ్గితే కరిగిపోయే సీసం బిళ్ల. మానేయలేదమ్మా, మెరుగుపరిచాడు. లేత్ గారు వాల్వు సరిచేసి, పెయింటు చుక్క వేసి, ఆ స్పానర్‌ను టీచర్ గారికి ఇచ్చేయాలి!

షెడ్డు మనవడు:

ఆ సీసం ప్లగ్గు మా తాతయ్య ఇంజన్లలోనూ ఉండేది, ఫైర్‌బాక్స్ కప్పులో. నీటి మట్టం దానికంటే దిగితే సీసం కరిగి, ఆవిరి సరాసరి మంట మీద పడుతుంది. “ప్లగ్గు పోగొట్టినవాడు” అనే పేరు పడితే ఫైర్‌మన్‌కు పరువు తక్కువ.

కంచరపాలెం కుర్రాడు:

సరే, కుక్కర్ వద్దు. గాలే అనుకుంటే పాత మంటలార్పే సిలిండర్ ఒకటి తెచ్చి, ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి నింపి పెట్టుకోవచ్చుగా? నిప్పు లేదు, ప్రమాదమూ లేదు.

రిటైర్డ్ ఫోర్‌మన్, గాజువాక:

తమ్ముడూ, నువ్వు నన్ను ముందే పంపించేలా ఉన్నావు. గాలి నలుగుతుంది. నలిగిన గాలి బిగించిన స్ప్రింగు. పాత సిలిండర్ లోపలి గోడ తుప్పు నీకు బయటికి కనిపించదు, మన ఊరి ఉప్పుగాలికి బయట తుప్పే నెలకో పొర లేస్తుంది. చల్లగా ఉందని సాధువనుకోకు.

సీతమ్మధార ఫిజిక్స్ టీచర్:

ఈ ఒక్క దగ్గర ఫోర్‌మన్ గారితో ఏకీభవిస్తాను. నేను గాలి అన్నప్పుడు సైకిల్ పంపు, 8 పౌండ్లు, టాంకీ లేకుండా అని నా ఉద్దేశం. అలా రాయకపోవడం నా తప్పు.

మర్రిపాలెం ఏసీ మెకానిక్:

అందరూ బాయిలర్ మీదే కొట్టుకుంటున్నారు, మంట దేనితో అని ఎవరూ అడగలేదు. స్పిరిట్ దీపమైతే జాగ్రత్త. పగటి వెలుతురులో స్పిరిట్ మంట కళ్లకు ఆనదు. ఆరిందనుకుని మళ్లీ పోస్తారు, సీసాతో సహా అంటుకుంటుంది. నన్నడిగితే ఈ పనిలో బాయిలర్ కంటే ముందు చేతులు కాలేది అక్కడే. తడి గోనెసంచి, ఇసుక బకెట్ పక్కన ఉంచండి.

గోపాలపట్నం లేత్:

నెలన్నర తర్వాత వస్తున్నాను, మన్నించండి. బాయిలర్ చేశాను.

మూతలు చెక్క అచ్చు మీద వంచాను. రాగిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఇనుములా గట్టిపడదు, మెత్తబడుతుంది. పది దెబ్బలకు మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ కాల్చాలి. ఒక్కో మూతకు ఆరుసార్లు కాల్చాను. నల్లటి పొర పోవడానికి నిమ్మ ఉప్పు వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమే చింతపండుతో ముగిస్తే అమ్మవారి విగ్రహంలా మెరిసింది.

పరీక్ష కథ వేరు. పంపు కొట్టాను. 60 పౌండ్లకు చేరాక ముల్లు మెల్లగా వెనక్కి జారింది. ఎంత తుడిచినా ఎక్కడ కారుతోందో కనిపించలేదు. చివరికి పాత వార్తాపత్రిక ముక్కలు అతుకుల మీద అంటిస్తే, మధ్య కడ్డీ కుడి చివర దగ్గర కాగితం మీద పావలా బిళ్లంత తడి మచ్చ తేలింది. బయట వెండి నిండుగా ఉంది. మెకానిక్ గారు చెప్పిన మైనం పూత అదే. దాన్ని మళ్లీ మొత్తంగా ఎర్రబడేదాకా వేడిచేసి అతికాను. రెండోసారి 80 దగ్గర 20 నిమిషాలు నిలిచింది. ఆ 20 నిమిషాలూ నేను ముల్లును చూశాను, మా ఆవిడ నన్ను చూసింది.

వచ్చే ఆదివారం మొదటిసారి ఆవిరి. మంట పూర్తిగా పెట్టి, ఇంజన్‌కు వెళ్లే దారి మూసేసి, ఒక్క సేఫ్టీ వాల్వే ఆవిరినంతా వదలగలదా, ఒత్తిడి 44 దాటకుండా ఉంటుందా అని ముందు చూస్తాను. ఫోర్‌మన్ గారు వస్తున్నారు.

సీతమ్మధార ఫిజిక్స్ టీచర్:

ఆ తడి మచ్చ నా వాదనకే బలం అని నేను అనుకుంటాను, మీరు మీ వాదనకు అనుకుంటారు. నా అభిప్రాయం మారలేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఎవరైనా ఇది చదివి మొదలుపెడితే మాత్రం నేను మళ్లీ వస్తాను. స్పానర్ పంపండి.

షెడ్డు మనవడు:

లేత్ గారూ, ఆదివారం తాతయ్యను తీసుకురావచ్చా? చెవి సరిగా వినబడదు గానీ ఆ చప్పుడు వినాలని పట్టుబట్టారు. ఎక్కువసేపు నిలబడలేరు, దగ్గరలో ఒక కుర్చీ వేయిస్తే చాలు.

రిటైర్డ్ ఫోర్‌మన్, గాజువాక:

తప్పకుండా తీసుకురా బాబూ. కుర్చీ మాత్రం బాయిలర్‌కు పక్కన, దూరంగా. మూతలకు ఎదురుగా వద్దు.