సైటులో స్పెల్‌చెకర్ మనమే పెట్టాలా, బ్రౌజర్‌కి వదిలేయాలా?

వైట్‌ఫీల్డ్ వాసి:
బెంగళూరులో మా తెలుగు సంఘం సైటుకి కథలు పంపే పేజీలో బ్రౌజర్‌లోనే స్పెల్లింగు చూసే టైపో.జేఎస్‌తో హన్‌స్పెల్ అనే స్పెల్‌చెకర్ తెలుగు నిఘంటువు తగిలించాను. లాప్‌టాప్‌లో భేషుగ్గా నడిచింది. సర్వర్‌కి ఎక్కించాక ‘పలక’ కింద కూడా ఎర్ర గీతే!

కోరమంగల కోడర్:
ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. నిఘంటువు తాలూకు ఏఎఫ్ఎఫ్ (ప్రత్యయాల నియమాలు), డిక్ (పదాల జాబితా) ఫైళ్లు వస్తున్నాయా? మైక్రోసాఫ్ట్ వాళ్ల ఐఐఎస్ సర్వరైతే తనకు తెలియని ఎక్స్‌టెన్షన్‌కి 404, అంటే ‘ఫైలు లేదు’ అని కొడుతుంది. ఆ రెంటికీ మైమ్ టైప్ (ఫైలు ఏ రకమో చెప్పే పేరు) చేర్చాలి. నిఘంటువే రాకపోతే ఏ పదమైనా తప్పే కదా.

వైట్‌ఫీల్డ్ వాసి:
404యే! ‘పలక’ గట్టెక్కింది. ‘కిటికీ’ని మాత్రం ముక్కలు చేస్తోంది.

కోరమంగల కోడర్:
పదాలు విడగొట్టే రెజెక్స్‌లో (అక్షరాలను వెతికే నమూనాలో) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడారా? జావాస్క్రిప్ట్‌లో దానికి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప తెలీవు. యూనికోడ్ ఎల్ (అక్షరాల వర్గం) ఒక్కటే పెట్టినా చాలదు, గుడి, కొమ్ము అన్నీ ఎమ్ (గుర్తుల వర్గం) కిందికి వస్తాయి. రెండూ పెట్టండి.

హోసూరు పిల్లోడు:
అసలు ఇదంతా ఎందుకన్నా? ‘వచ్చేస్తానన్నాడట’ లాంటివి ఏ నిఘంటువులో ఉంటాయి? మావైపు ‘వస్తాండాడు’ అంటాం, దానికీ గీతే. కథ టైపు చేసే పెట్టెకి కోడ్‌లో భాష తెలుగని రాసి వదిలేయండి. కావాల్సినోళ్లు ఫైర్‌ఫాక్స్‌లో నిఘంటువు వేసుకుంటారు.

మల్లేశ్వరం:
తమ్ముడూ, ఫోన్లో కథ కొట్టి పంపేవాళ్లు అవన్నీ వేసుకుంటారా? ‘బాష’, ‘బాద’, ‘విధ్యార్థి’... ప్రూఫులు దిద్దేది నేను. రాత్రి పదకొండింటికి ఒత్తులు పెట్టుకుంటూ కూర్చుంటే తెలుస్తుంది.

కోరమంగల కోడర్:
అక్క బాధ నిజమే, కానీ ఫోన్లో టైపో.జేఎస్ వద్దు. అది పేజీ తెరవగానే ప్రత్యయాలన్నీ అతికించి పదాల పట్టిక మొత్తం మెమరీలో పేరుస్తుంది. తెలుగులాంటి భాషకి అది మోయలేని బరువు. హన్‌స్పెల్‌ని సర్వర్లోనే నడపండి. పీహెచ్‌పీలో స్పెల్లింగు చూసే పీఎస్పెల్ జోలికి మాత్రం పోకండి, పీహెచ్‌పీ 8.4 నుంచి దాన్ని కోర్‌లోంచి తీసేశారు.

వైట్‌ఫీల్డ్ వాసి:
సర్వర్లోనే పెడతాను. అయితే గీతలు అక్క స్క్రీన్‌లోనే కనిపిస్తాయి, రాసేవాళ్లకి కాదు. పేజీ నిండా ఎరుపు చూస్తే కొత్తవాళ్లు కథ పంపడమే మానేస్తారు.

మల్లేశ్వరం:
అంటే దిద్దుడు మళ్లీ నా నెత్తినే! ‘పంపు’ నొక్కే ముందు ఒక్కసారైనా చూపించవయ్యా.

హోసూరు పిల్లోడు:
చూపిస్తే మా మాటలు కూడా డిక్‌లో కలపాల. లిస్టు పంపిస్తా.

మల్లేశ్వరం:
కథల వరకూ సరే. సంపాదకీయంలో ఒప్పుకోను.

కోరమంగల కోడర్:
కలిపేటప్పుడు ఫైల్లో మొదటి వరుస చెరపకండి. అది పదాల సంఖ్య.