నీలగిరి కింద లేచే పుట్టగొడుగు పక్క మామిడి కింద ఎందుకు లేవదు?

పద్మనాభం మెట్ట:
మాది విశాఖపట్నం దగ్గర పద్మనాభం వైపు ఎకరంపావు మెట్ట. పైన ఎర్ర గరప నేల, కింద గెడ్డ (వాగు) పక్కన బంకమన్ను. 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి జీడిమామిడి తోటంతా పడిపోయింది. గట్టు మీద నీలగిరి వరస, రెండు మామిళ్లు, ఒక పెద్ద నేరేడు మిగిలాయి.

మొన్నటి వానలకి నీలగిరి మొదళ్లలో బంగాళాదుంపంత ఉండలు లేచాయి. ఒకటి కోసి చూశాను. లోపల కందిపప్పు పేర్చినట్టు చిన్న చిన్న గింజలు. పైభాగంలో అవే చితికి గోధుమరంగు పొడి అయ్యాయి. వేళ్లకంటిన ఆ రంగు రెండు రోజులైనా పోలేదు. పది అడుగుల అవతల మామిడి కింద మాత్రం ఒక్కటి లేదు. అదే నేల, అదే వాన.

ఇంకొకటి. నేరేడు కింద ఏటా వందల మొలకలు వస్తాయి, దసరా నాటికి ఒక్కటీ మిగలదు. పిట్టలు గెడ్డ దగ్గర పడేసిన గింజలవి మాత్రం నడుం ఎత్తు పెరిగాయి.

ఇదంతా నేల వల్లా, చెట్టు వల్లా? ఈ ఏడు నేరేడు, మారేడు, వెలగ, కానుగ పెడుతున్నాను. ఇంకోసారి తోట పోగొట్టుకునే ఓపిక లేదు.

బోటనీ టీచర్:
మీరు కోసింది పైసోలిథస్ అయి ఉంటుందండీ. అది నీలగిరి వేళ్లతో పొత్తు పెట్టుకునే శిలీంధ్రం. సన్న వేళ్ల చివర్లకి తొడుగులా అల్లుకుని, మట్టిలోంచి నీళ్లు, భాస్వరం తెచ్చిస్తుంది, చెట్టు దగ్గర చక్కెర తీసుకుంటుంది. మామిడి పొత్తు వేరే జాతులతో. అవి వేరు కణాల్లోకే దూరిపోతాయి, గొడుగులు కట్టవు. ఉష్ణమండల అడవుల్లో ఎక్కువ చెట్లు ఈ రెండో రకమే. కాబట్టి పైకి పుట్టగొడుగు కనిపించలేదని మామిడి కింద ఏమీ లేదనుకోకండి.

నేల సంగతి తేల్చడం కష్టం. బోర్నియో దీవిలో, సారవాక్‌లోని లాంబిర్ కొండల అడవిలో ఇసుక నేల, బంక నేల పక్కపక్కనే ఉంటాయి. 2010లో అచ్చయిన పరిశోధనలో ఒక నేల నుంచి ఇంకో నేలకి వెళ్లేసరికి వేళ్ల మీది శిలీంధ్రాలు చాలావరకు మారిపోయాయి. కానీ చెట్లు కూడా మారాయి! ఏది ఎంత అని విడదీయడం అందుకే చిక్కు. నాకు తోచింది చెప్తాను: ఏవి బతకగలవో నేల తేలుస్తుంది, వాటిలో ఏవి నిలవాలో పక్కనున్న చెట్టు తేలుస్తుంది.

మీ నేరేడు మొలకలు చదివి మనసు ఆగలేదు. తల్లిచెట్టు కింద దాని జాతికే పట్టే తెగుళ్లు, పురుగులు పోగవుతాయని 1970లో జాన్‌జెన్, 1971లో కానెల్ అనే జీవావరణ శాస్త్రవేత్తలు విడివిడిగా రాశారు. పనామాలోని బారో కొలరాడో దీవి చెట్ల మీద చేసిన ప్రయోగం 2010లో వచ్చింది. సొంత జాతి చెట్టు కింది మట్టిలోని సూక్ష్మజీవులు తగిలిన మొక్కలు తక్కువ పెరిగాయి. మీ చేలో నీడ, నీటి తేడా కూడా ఉండొచ్చు కానీ, నా అనుమానం ముందు మట్టి మీదే.

అందుకని నేరేడు గోతిలో నేరేడు కింది మట్టి వేయకండి. మామిడి కింద నాలుగు అంగుళాల లోతు నుంచి, సన్న వేళ్లతో సహా రెండు గుప్పెళ్లు తీసి వేయండి. నీలగిరి కింది మట్టి వీటికి అంతగా పనికిరాదు. డీఏపీ గుమ్మరించొద్దు, భాస్వరం ఎక్కువైతే వేరు ఆ పొత్తు తగ్గించుకుంటుంది. మట్టి మీ చేలోదే వాడండి, కంబాలకొండ లాంటి రక్షిత అడవిలోంచి తేకూడదు.

కోరాపుట్ దారి:
అన్నా, మా అమ్మమ్మ వాళ్లది కోరాపుట్ వైపు. తొలకరి పడితే గుగ్గిలం చెట్ల కింద నేల గీకి గుండ్రటి పుట్టగొడుగులు ఏరేవాళ్లం. కోస్తే లోపల తెల్లగా ఉన్నవే కూరకి, నల్లబడితే పారేయడమే. పక్కనే ఇప్పచెట్టు ఉన్నా దాని కింద ఎవరూ వెతికేవాళ్లు కాదు. టీచర్ గారు చెప్పాక ఎందుకో అర్థమైంది. మీ గట్టు మీదవి మాత్రం కూరకి తీయకండి.

పద్మనాభం మెట్ట:
తినంలెండి. పొద్దున్నే రెండు చోట్లా తవ్వాను. నీలగిరి వేరు కొసలకి పసుపు పచ్చని బూజు చుట్టుకుని ఉంది, లాగితే మట్టి గడ్డ కూడా దాంతోపాటే వచ్చింది. మామిడి వేళ్లకి అలాంటిదేం లేదు. గట్టువైపు తవ్విన ఆరు గోతులూ పూడ్చేసి, మామిళ్ల అవతల కొత్తవి తీయిస్తున్నాను. నేరేడుని తల్లిచెట్టుకి ఎంత దూరం పెట్టమంటారు, టీచర్ గారూ?

బోటనీ టీచర్:
కనీసం కొమ్మల నీడ దాటించండి. కుదిరితే గెడ్డవైపు పెట్టండి, అక్కడ మొక్కలు బతుకుతున్నాయని మీరే చూశారు కదా.