అప్‌డేట్: నాన్నగారి మందుల వేళలు చాలావరకు కుదిరాయి

థైరాయిడ్, బీపీ, షుగర్, కాల్షియం మాత్రలు వాడే మా నాన్నగారు కొన్ని పూటలు మరిచిపోతున్నారని, ఒక్కోసారి వేసుకున్నవే మళ్లీ వేసుకుంటున్నారని, ఏం చేయాలో చెప్పమని లోగడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అన్నిటికంటే మేలు చేసింది, వేర్వేరు డాక్టర్లు రాసిన చీటీలన్నీ మాత్రలతో సహా ఒకే డాక్టరుగారి ముందు పెట్టడం. రెండు వేర్వేరు బ్రాండ్ పేర్లతో ఉన్న మాత్రలు రెండూ ఆమ్లోడిపిన్ అనే ఒకే బీపీ మందేనని అప్పుడే బయటపడింది; ఒకటి ఆపించారు. థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలనీ, దానికీ కాల్షియానికీ మధ్య 4 గంటలైనా ఎడం ఉండాలనీ ఆయన వివరించడంతో, పొద్దున్నే ఒకే గుప్పిట్లో పడుతున్న మాత్రలు వేరయ్యాయి. కాల్షియం మధ్యాహ్న భోజనానికి మారింది.

పూటపూటకూ గడి ఉన్న వారపు డబ్బాను ఆదివారం నాన్నగారే నింపుతారు, అమ్మ పక్కన కూర్చుని సరిచూస్తుంది. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే కనుక, రెండోసారి వేసుకోవడం ఆగింది. ఆ పని ఆయన చేతిలోనే ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. తనపై నిఘా పెట్టారనిపిస్తే ఏ పెద్దవారికైనా మనసు కష్టపడుతుంది. స్ట్రిప్పులను మాత్రం కత్తిరించడం లేదు, గడువు తేదీ ఉన్న అంచు పోతుందని.

రాత్రి మాత్ర ఇంకా అప్పుడప్పుడు తప్పుతోంది. దాన్ని మరో వేళకు మార్చవచ్చునేమో వచ్చే పరీక్షలప్పుడు అడుగుతాం.